గాలిలో బిగించిన బోల్టులు

నా చిన్నప్పుడు మెదక్‌లో మా వీధి మొత్తానికి ఒకటే కారు ఉండేది. అది మా తాతయ్యది. పేరుకు ఆయనదే కానీ, దాని మీద ఆయనకెంత హక్కుందో వీధికీ అంతే ఉండేది. పెళ్ళికొడుకు ఊరేగింపుకైనా, ఎవరికో జ్వరం ఎక్కువై దవాఖానకు పోవాలన్నా, కొత్తగా వచ్చిన టీచరమ్మ సామాను బస్టాండు నుంచి తేవాలన్నా, జనం వచ్చి మా వాకిట్లో నిలబడేవాళ్ళు. ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన బండి అది. హైదరాబాదులో ఎవరో ఆఫీసరు చాలాకాలం వాడుకుని, బదిలీ మీద దూరం పోతూ అమ్మేస్తుంటే, అప్పట్లో బియ్యం మిల్లు నడిపే మా తాతయ్య కొన్నాడు. మిల్లు ఇంజను విప్పి బిగించిన చేతులు కాబట్టి కారు పని కూడా ఆయనే ఇంట్లో చేసుకునేవాడు.

నాకు ఊహ తెలిసేసరికి ఆ కారుకు వయసు మీద పడింది. దాని ముందు చక్రాల దగ్గర, ఒక్కో వైపు ఒక్కో నిలువు గొట్టమూ, దాని చుట్టూ పెద్ద స్ప్రింగూ ఉండేవి. రోడ్డు కొట్టే దెబ్బను లోపల కూర్చున్నవాళ్ళ దాకా రానీయకుండా ఆపేవి అవే. వాటిని స్ట్రట్లు అంటారని పెద్దయ్యాక తెలిసింది. మా తాతయ్య మాత్రం వాటిని కారు కాళ్ళు అనేవాడు. ఆ కాళ్ళలో ఉండాల్సిన నూనె కారిపోయింది. గుంతలో పడితే ఇనుము ఇనుముకు కొట్టుకునేది. బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగి, తిరిగి లేచాక చాలాసేపు ఊగుతూనే ఉండేది. “ముందుగాల నా మోకాళ్ళు బాగుచేయించుండ్రి, దాని కాళ్ళు ఎనకసిరి చూద్దురు” అని మా బాపమ్మ ఆయన్ని దెప్పేది. తాతయ్య నవ్వి ఊరుకునేవాడు. రెంటిలో ఏదీ బాగుచేయించలేదు.

పక్కింటి అక్క కోసం కాకపోతే ఆ కాళ్ళు అట్లాగే అరిగిపోయేవేమో. ఆమె పుట్టింది టేక్మాల్‌లో. మా పక్కింటికి కోడలుగా వచ్చింది. వరసకు ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె భర్త కాంట్రాక్టు పనుల మీద ఊళ్ళు తిరుగుతుండేవాడు, ఇంట్లో ఎక్కువగా అత్తా కోడలే ఉండేవాళ్ళు. అంతకుముందు ఏడాది అక్కకు కడుపు నిలవలేదు. బస్సులో పుట్టింటికి పోయి వచ్చిన కొద్ది రోజులకే అట్లా జరిగింది. బస్సు వల్ల కాదని డాక్టరమ్మ చెప్పిందట. అయినా అక్క మనసులో ఆ రోడ్డూ, ఆ బిడ్డ పోవడమూ ఒకటైపోయాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నాకు తెలిసిందల్లా ఆమె మళ్ళీ కడుపుతో ఉందనీ, నాతో తొక్కుడుబిళ్ళ ఆడటం మానేసిందనీ మాత్రమే.

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. పంపడానికి బేసి నెల కావాలి. ఏడో నెలలో పంపకపోతే ఎనిమిదిలో గడప దాటనివ్వరు, తొమ్మిదిలో ప్రయాణమంటే అందరికీ భయం. అక్కకు ఏడో నెల సగం గడిచింది. ఆమె అత్త పంచాంగం పట్టుకుని మా ఇంటికి వచ్చి, మా బాపమ్మతో కలిసి వసారాలో కూర్చుని, మంచి రోజు చూసి, ఘడియ కూడా ఖాయం చేసింది. అక్క అప్పుడు అదే వసారాలో ఓ మూల చాటలో బియ్యం ఏరుతోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం తప్పని కూడా ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అందరూ ఆమె మంచి కోసమే మాట్లాడుతున్నారు.

“అన్నా, కుదుపులు పడొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. బస్సుల పంపుతె నా పానం ఒప్పది. జర మీ కారుల దింపి రండ్రి” అని అక్క అత్త మా తాతయ్యను అడిగింది.

తాతయ్య వెంటనే సరేననలేదు. ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోయించి, నన్ను కారు ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టి, ఆ చెంబు నా ఒళ్ళో పెట్టాడు. చెంబు కింద పడకుండా పట్టుకోవాలి కానీ నీళ్ళు ఒలకకుండా కాపాడొద్దన్నాడు. “నువ్వు కాపాడితె కారు సంగతి నాకెట్ల తెలుస్తది” అన్నాడు. టేక్మాల్ రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చేసరికి నా లంగా తడిసి ముద్దయింది. తాతయ్య చెంబులోకి చూశాడు, నా లంగా చూశాడు, ముందు కాళ్ళు మార్చాల్సిందేనని తేల్చాడు. చెంబుతో కారుకు పరీక్ష పెట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నా బట్టల మీద ఆ పరీక్ష జరిగినందుకు ఆ రోజు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

హైదరాబాదులో పాత కార్ల సామాను అమ్మే చోట తిరిగి తిరిగి ఆ కాళ్ళ జత ఒకటి సంపాదించాడు. పాడైంది ఎడమదే ఎక్కువ, కానీ ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి కుంటుతుందని రెండూ తెచ్చాడు. రామాయంపేటలో లారీలు బాగుచేసే మిత్రుడు స్ప్రింగును అదిమి పట్టే కొక్కేల బోల్టులు వాడుకోమని ఇచ్చాడు. తన దగ్గరే చేసిపెడతానని కూడా అన్నాడట. తాతయ్య ఒప్పుకోలేదు. తన బండి కాళ్ళు వేరేవాళ్ళు విప్పడం ఆయనకు నచ్చేది కాదు. అది అభిమానమో మొండితనమో నాకు ఇప్పటికీ తెలియదు.

గురువారం పొద్దున వాకిట్లో పని మొదలైంది. జాకీతో కారు ముక్కు లేపి, మిల్లు నుంచి తెచ్చిన టేకు దుంగలు కింద పెట్టి, ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు. బానెట్ కింద ఉన్న నట్లు విప్పి, పాత కాళ్ళను కిందికి దించాడు. ఆ తర్వాత కొక్కేల బోల్టులతో స్ప్రింగును అదమడం మొదలుపెట్టాడు. అదిమిపెట్టిన స్ప్రింగు జారిందంటే మనిషిని లేపి కొడుతుంది. పిల్లల్నీ కోళ్ళనీ వాకిట్లోంచి తరిమేశారు. నేను కిటికీ ఊచల వెనక నుంచి చూశాను. రోజంతా ఎవర్నో ఒకర్ని ఆట పట్టించే మా తాతయ్య ముఖం అంత బిగుసుకుపోవడం చూస్తే భయమేసింది.

కొత్త కాళ్ళు ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. గురువారం రాహుకాలం ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. మా బాపమ్మా, పక్కింటి అత్తా కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు పళ్ళెంలో పెట్టుకుని వసారాలో సిద్ధంగా ఉన్నారు. కడుపుతో ఉన్న పిల్ల ఎక్కే బండికి రాహుకాలంలో బోల్టు బిగిస్తే ఎట్లా? “ఏమయ్యా, ఘడియ దాటుతున్నది, జల్ది బిగించి దించుండ్రి” అని బాపమ్మ ఒకటికి నాలుగుసార్లు అన్నది. పక్కింటి అత్త పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. తాతయ్య గడియారం వైపు చూశాడు, వాళ్ళిద్దరి వైపూ చూశాడు. కారు ఇంకా దుంగల మీద గాల్లో ఉండగానే కింది బోల్టులన్నీ గట్టిగా బిగించేశాడు. చక్రాలు తొడిగి, కారు దించి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేసరికి రాహుకాలానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. అందరూ తృప్తిగా అన్నానికి లేచారు.

ఎండ తగ్గాక మళ్ళీ చెంబు పరీక్ష. అదే రోడ్డు, అదే సీటు. ఈసారి నీళ్ళు ఊగలేదు, ఎగిరాయి. ప్రతి చిన్న రాయికీ కారు ఠక్కున కొట్టింది. కింద ఎక్కడో రబ్బరు కీచుమని అరుస్తోంది. ముక్కు కూడా ఎవరి మీదో అలిగినట్టు పైకెత్తుకుని ఉంది. తాతయ్య కారు పక్కకు ఆపి, నా ఒళ్ళో ఖాళీ చెంబు చూసి, దిగి ముందు చక్రాల కిందికి వంగి చూశాడు. కొత్త కాళ్ళు కూడా చెడ్డవేనేమో, అక్క ఇక ఎట్లా పోతుందో అని నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక బాపమ్మ ఆశ్చర్యపోయింది. “రాహుకాలం రాకముందె బిగిస్తిరి గద, మరేమైంది?” అని అడిగింది.

“గదే అయ్యింది. గాల్ల ఉండంగ బిగించిన” అన్నాడు తాతయ్య.

మాకు అర్థం కాలేదు. ఆయన నన్ను నిటారుగా నిలబెట్టి, తన భుజం మీది తువ్వాలు తీసి నా మోకాలి చుట్టూ గట్టిగా చుట్టి ముడివేసి, కూర్చోమన్నాడు. నేను కూర్చోబోతే మోకాలు వంగలేదు, తువ్వాలు ఒరుసుకుని మంట పుట్టింది. అప్పుడది విప్పి, నేను కూర్చున్న తర్వాత కట్టాడు. అదే తువ్వాలు, అదే మోకాలు, ఏ బాధా లేదు. కారు కాళ్ళకు ఆనుకుని కింద అడ్డంగా కడ్డీలుంటాయనీ, వాటి చివర్లలో రబ్బరు బుష్షులుంటాయనీ, కారు తన బరువు తాను మోస్తూ నేల మీద నిలబడ్డాకే వాటిని బిగించాలనీ చెప్పాడు. గాల్లో వేలాడేటప్పుడు బిగిస్తే, కిందికి దించగానే ఆ రబ్బరు మెలిపడి బిగుసుకుపోతుంది. ఈ సంగతి ఆయనకు ముందే తెలుసు. తెలిసీ, ఇద్దరు ఆడవాళ్ళ తొందరకు తలవంచాడు. “బరువు పడకముందె బిగించిన” అని ఇంకోసారి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత పక్కింటి గోడ వైపు చూశాడు. గోడ అవతల అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

మర్నాడు కారును దుంగల మీదికి ఎత్తలేదు. వెడల్పాటి చెక్కలు పరిచి, చక్రాలే వాటి మీదికి ఎక్కేట్టు నడిపి, ముందూ వెనకా రాళ్ళు పెట్టి, కింద దూరడానికి చోటు చేసుకున్నాడు. పడుకుని ఆ బోల్టులన్నీ వదులు చేసి బయటికొచ్చి, పక్కింటి అక్కను పిలవమన్నాడు. ఆమె ఏ సీట్లో పోతుందో ఆ సీట్లో కూర్చుంటే తప్ప బిగించనన్నాడు.

అక్కతో పాటు అత్త కూడా వచ్చింది. ఆమెకిది వింతగా తోచింది. “దానికి పిల్లెందుకన్నా? మిల్లుల బియ్యం బస్తాలున్నయి గద, ఒకటి తెచ్చి పెట్టుండ్రి. బరువే గద కావాలె” అన్నది.

“బస్తాకు ఏడ నొస్తున్నదో అది చెప్పది చెల్లె” అన్నాడు తాతయ్య.

అక్క ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ఎక్కాను. బాపమ్మా, అత్తా తలుపు దగ్గర నిలబడ్డారు. తాతయ్య కారు కిందికి దూరాడు, ఆయన పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. అక్కడి నుంచే, ఎట్లున్నది బిడ్డా అని అడిగాడు. మంచిగనే ఉన్నది తాతా అన్నది అక్క. బోల్టు మీద పానా తిరిగిన చప్పుడు రాలేదు.

“అందరు గట్లనె అంటరు. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోతున్నవనుకో. నీకు ఎట్లనిపిస్తే గట్ల చెప్పు. నువ్వు చెప్పేదాక నేను బిగియ్య.”

అక్క ఒక చేయి పొట్ట మీద పెట్టుకుంది. రెండో చేయి తలుపు పిడిని పట్టుకుని ఉంది. కారు కదలడం లేదు, ఇంజను కూడా ఆగి ఉంది, అయినా ఆమె గుంతల్లో పోతున్నట్టే బిగుసుకుని కూర్చుంది. ఆ పిడి వదలకుండానే నోరు తెరిచింది.

“నాకు పోవాల్నని లేదు తాతా. ఆ రోడ్డు యాదికొస్తెనె పానం గుంజుతున్నది. ఈడైతె దవాఖాన దగ్గర. మా అమ్మనే ఈడికి తోలుకస్తె కాదా?”

అక్క అత్త ముఖంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె గొంతు మాత్రం విన్నాను. అందులో కోపం కంటే నొప్పే ఎక్కువ.

“మరి గింత భయం పెట్టుకుని నాకెందుకు చెప్పకపోతివే?”

“మీరు అడగలె అత్తమ్మా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుట్టింటికి పంపకపోతే నలుగురు తననే అంటారనీ, వియ్యపురాలు ఏమనుకుంటుందోననీ చెప్పుకొచ్చింది. ఆమె బాధ కూడా అబద్ధం కాదు. కోడలికి ఏ లోటూ జరగకూడదనే కదా కారు అడిగింది.

“ఆ నలుగురు ఈ సీట్ల కూసోరు చెల్లె” అన్న మాట కారు కింద నుంచి వచ్చింది. ఆ తర్వాత పానా తిరగడం మొదలైంది. తాతయ్య ఒక్కో బోల్టూ నెమ్మదిగా బిగించాడు. శుక్రవారం పదిన్నర దాటింది, రాహుకాలం నడుస్తోంది. మా బాపమ్మ లోపలి గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. మళ్ళీ అక్క వైపే తిరిగింది.

పక్కింటి అత్త అప్పటికప్పుడు ఒప్పుకోలేదు. కోడల్ని తీసుకుని ఇంటికి పోయి, ఆ రోజంతా తలుపు దగ్గరగా వేసుకుని ఉంది. సాయంత్రం ఒక్కతే వచ్చింది. పెట్టుకున్న ముహూర్తం పెట్టుకున్నట్టే ఉండనిమ్మనీ, ఆ రోజు కార్లో తానే టేక్మాల్ పోయి వియ్యపురాల్ని బతిమాలి తీసుకొస్తాననీ చెప్పింది. మా వీధిలో అట్లాంటిది ఎవరూ వినలేదు. కోడల్ని దింపి రావడానికి సిద్ధం చేసిన కారులో అత్త పోవడం చూసి, కొందరు నవ్వుకున్నారు కూడా.

ఆ రోజు నేను అక్క దగ్గరే ఉన్నాను. పొద్దు వాలేలోపు కారు తిరిగి వచ్చింది. అక్క తల్లి ముందు సీట్లో కూర్చుని ఉంది, ఆమె ఒళ్ళో గుడ్డ కట్టిన పాల దుత్త. కూతురికని ఇంటి బర్రె పాలు తెచ్చింది. తాతయ్య దిగగానే మొదట చూసింది ఆ దుత్త మూతికి కట్టిన గుడ్డను. అది పొడిగా ఉంది. నన్ను చూసి కళ్ళు చికిలించి నవ్వాడు. అక్క గడప దగ్గరే నిలబడిపోయింది. వాళ్ళమ్మ వచ్చి దుత్త కింద పెట్టి, ఏమీ అడగకుండా ఆమె చెంపలు రెండూ పట్టుకుంది. వెనక నుంచి అత్త దిగి, “నీ బిడ్డ నోరు తెరిచి అడిగింది, మరి నేను రాకుంటె ఎట్ల” అని వియ్యపురాలితో అన్నది. ఆ మాట ఆమె గట్టిగా, వీధి వినేట్టు అన్నది. నవ్వుకున్నవాళ్ళు కూడా విన్నారు.

నెలలు నిండాక అదే కారులో దవాఖానకు పోయారు. మా ఇంటి నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా తాతయ్య, పక్కన నడిచే మనుషులు దాటిపోయేంత మెల్లగా నడిపాడట. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

అక్క నోరు తెరిచిన రోజు కారు వెనక సీట్లో కూర్చుని నేను జాలిపడలేదు, నిజానికి నాకు అక్క మీద కోపమొచ్చింది. అంత భయం కడుపులో పెట్టుకుని అన్ని రోజులు బియ్యం ఏరుతూ ఎట్లా కూర్చుందని. అడిగేవాళ్ళు లేకపోతే మనుషులు అట్లాగే కూర్చుంటారని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నేనూ కొన్నిచోట్ల అట్లా కూర్చున్నాను. మా తాతయ్య దీని గురించి ఆ తర్వాత ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే, బుష్షుల సంగతే చెప్పేవాడు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. పెళ్ళికైనా, ఆపరేషనుకైనా, ఇల్లు మారడానికైనా రోజు చూడమని పంచాంగం తెచ్చి నా చేతిలో పెడతారు. దాన్ని మూసే ఉంచి, ఇది ఎవరి సంగతో ఆ మనిషిని పిలవమంటాను. ఆఫీసులో ఉన్నాడనో, నిద్రపోతోందనో, వాళ్ళకేం తెలుసనో అంటారు. రమ్మనండి, వచ్చి నా పక్కన కూర్చుని ఒక మాట చెప్పేదాకా నేను చూడనంటాను. ఈలోపు మంచి ఘడియ దాటిపోతుందని, రాహుకాలం వచ్చేస్తుందని విసుక్కుంటారు.

“వస్తే రానియ్యుండ్రి” అంటాను.